రాళ్లు ఏరించడమే పొరపాటు... జిప్సంతో ఆ లోటు తీరదు

ప్రశ్న: గుట్ట వాలు మీద ఆరెకరాల మేత బీడు ఉంది. 40 గొర్రెలు మేపుతున్నాను. వాన పడి వారం తిరక్కుండానే గడ్డి ఎర్రబారి ఎండిపోతోంది. మధ్యలో ఉన్న రేగు, బలుసు పొదలు మాత్రం పచ్చగానే ఉంటున్నాయి. రాళ్లు తిరగేస్తే అడుగున తెల్లగా పట్టి ఉంది, చౌడు అనుకుంటున్నాను. ఎరువుల దుకాణంలో అడిగితే నేలలో బలం లేదు, ఎకరాకు 200 కిలోల జిప్సం, ఒక బస్తా డీఏపీ, ఒక బస్తా యూరియా చల్లమన్నారు. పోయిన ఏడాది రెండెకరాల్లో పైరాళ్లు ఏరించి కుప్ప పోయించాను. అక్కడ గడ్డి ఇంకా పలచబడింది. ఏ ఎరువు వేయమంటారు?

జవాబు: ఈ ఏడాదికి ఏ ఎరువూ వద్దు. మీ నేల చౌడు కాదు. చౌడైతే తెలుపు నేల పైన పేరుకుంటుంది, వాన నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి, తడిస్తే కాలికి జిగురుగా అంటుకుంటుంది. గుట్ట వాలు మీద, అదీ రాళ్ల నేలలో, నీళ్లు నిలవవు. మీరు చూసింది సున్నపు పూత. వాన నీటిలో కరిగిన సున్నం కిందికి దిగుతూ రాయి అడుగున ఆగి, ఆరిపోయి, పొరలు పొరలుగా పట్టుకుంటుంది. వానలు తక్కువ పడే చోట ఇది మామూలే. ఆ పూత మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి, సన్నగా బుడగలు వస్తే సున్నమే. సున్నంలో ఉన్నదీ కాల్షియమే, జిప్సంలో ఉన్నదీ కాల్షియమే. జిప్సం పని మట్టిని పట్టుకున్న సోడియాన్ని వదిలించడం. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటి, సోడియం ఎక్కువని పరీక్షలో తేలితేనే దాని అవసరం. పరీక్ష లేకుండా ఎకరాకు 200 కిలోలు అని దుకాణంలో ఎలా లెక్కగట్టారో వాళ్లనే అడగండి.

అసలు సంగతి మీ ప్రశ్నలోనే ఉంది. పొదలు పచ్చగా ఉన్నాయి, గడ్డి ఎండింది. నేలలో బలమే లేకపోతే రెండూ పాలిపోవాలి. పొదల వేళ్లు రాతి పగుళ్లలోకి దిగి అక్కడి చెమ్మ తాగుతున్నాయి. గడ్డి వేళ్లకు అందేది పైనున్న జానెడు, జానెడున్నర మట్టే. ఆ మట్టిలో నీళ్లు పట్టే చోటు ఎంతుందో మీరు ఎప్పుడూ కొలవలేదు. మందు కొనేముందు అది కొలవండి.

గడ్డపారతో 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంట తీయండి. అంచులు కూలకుండా నిటారుగా ఉండాలి. ఆ గుంట 27 లీటర్లు. తీసిన మట్టంతా టార్పాలిన్ మీద ఆరబెట్టి, గడ్డలు చేత్తో నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. పైన మిగిలిన రాళ్లు, గులకరాళ్లు దులిపి, అంచు దాకా నీళ్లు నింపిన పెద్ద బకెట్లో మెల్లగా వేయండి. పొర్లిన నీళ్లు కింద తొట్టిలో పట్టి కొలవండి. 9 లీటర్లు పొర్లితే మీ నేలలో మూడో వంతు రాయే. గుంట 30 సెంటీమీటర్లు దిగకుండానే గడ్డపార ఖంగుమంటే అది గట్టి బండ, ఆ లోతు రాసుకోండి. బొద్దుమని దిగిందంటే మెత్తని మొరం. మొరం ముక్కలు కొంత చెమ్మ పట్టుకుంటాయి, పలుగు రాయి చుక్క కూడా పట్టదు.

ఇప్పుడు నీళ్ల లెక్క. ఇసుక పాలు ఎక్కువున్న మట్టి 10 సెంటీమీటర్ల లోతుకు సుమారు 11 మిల్లీమీటర్ల నీటిని మొక్కకు అందేలా పట్టుకుంటుంది. 30 సెంటీమీటర్లకు 33. అందులో మూడో వంతు రాయి తీసేస్తే 22 మిల్లీమీటర్లు. ఎండ కాసే రోజున గడ్డి, నేల కలిసి 5 మిల్లీమీటర్లు వదిలేస్తాయి. అంటే నాలుగైదు రోజుల తడి! వారం తిరక్కుండా ఎండిందంటే వింతేముంది? 60 మిల్లీమీటర్ల వాన పడినా ఆ మట్టి పట్టుకునేది ఆ 22 మాత్రమే. మిగతాది పల్లానికి పోతుంది, లేదా పగుళ్లలోకి దిగి రేగుచెట్టుకు అందుతుంది. యూరియా కూడా ఆ నీళ్లతోనే పోతుంది. పైగా యూరియా చల్లిన రోజు గొర్రెలు ఆ గుళికలు నాకితే ప్రాణానికే ముప్పు.

ఇక రాళ్లు ఏరించడం. నేల లోపలి రాయి నీటి చోటును తగ్గిస్తుంది, నిజమే. కానీ నేల పైన వదులుగా కూర్చున్న రాయి మీకు గొడుగు. చినుకు దెబ్బ మట్టికి తగలనివ్వదు, ఎండను అడ్డుకుని తడి ఆరిపోకుండా చూస్తుంది. ఎండకాలం అలాంటి రాయి ఒకటి ఎత్తి చూడండి, అడుగున మట్టి గుల్లగా ఉంటుంది, సన్నవేళ్లు, చీమల బొక్కలు కనబడతాయి. నీళ్లు దిగేది అక్కడే. మీరు ఏరించిన రెండెకరాల్లో చినుకు దెబ్బకు మట్టి పైపొర అట్ట కట్టి ఉంటుంది, వేలితో పెకలిస్తే పెళ్లగా లేస్తుంది. గడ్డి పలచబడింది అందుకే. అదే అట్టలో సగం కూరుకుపోయిన రాయి ఉంటే మాత్రం అది గొడుగు కాదు, నీళ్లు దాని మీద జారి ఇంకా వేగంగా పారతాయి. కాబట్టి రాయి ఉందా లేదా అన్నది కాదు, ఎలా కూర్చుందన్నది చూడాలి. ట్రాక్టరు తొక్కించడం, రోలరు తిప్పడం, తడి నేల మీద మందను నిలబెట్టడం, మూడూ వదులు రాయిని కూరుకుపోయేలా చేసేవే.

కుప్ప పోసిన రాళ్లలో పిడికెడంతవి, అంతకన్నా చిన్నవి తిరిగి ఆ రెండెకరాల మీద పలచగా చల్లించండి. పెద్దవాటితో వాలుకు అడ్డంగా రాతి కట్టలు వేయించండి. ముందు వాలు కొలవాలి. నీళ్ల గొట్టం మట్టంతో చూస్తే 10 మీటర్లకు 80 సెంటీమీటర్లు దిగితే 8 శాతం వాలు. ఒక్కో మీటరు దిగుడుకు ఒక కట్ట చొప్పున, కట్టకూ కట్టకూ పన్నెండున్నర మీటర్ల దూరం వస్తుంది. సమమట్టం గీత మీద 15 సెంటీమీటర్ల లోతు పునాది తీసి, పెద్ద రాళ్లు పల్లం వైపు, చిన్నవి మిట్ట వైపు పేర్చండి. ఎత్తు 40 సెంటీమీటర్లు చాలు. కట్ట చివరలు మిట్ట వైపు కొద్దిగా వంచకపోతే నీళ్లు పక్క నుంచి కోసుకుపోతాయి. మట్టి, సిమెంటు పెట్టి సందులు మూయొద్దు, నీళ్లు వడకట్టుకుని పోవాలి, ఒండ్రు ఆగాలి. కట్టకు రాళ్లు చాలకపోతే బీడులో నాటుకుని ఉన్నవి పెళ్లగించకండి, కట్టలు తగ్గించుకోండి. దున్నించడం, రోటవేటరు తిప్పించడం అసలే వద్దు. అడుగు సున్నం పైకి వస్తే భాస్వరం, ఇనుము, జింకు మొక్కకు అందకుండా పోతాయి.

గొర్రెల సంగతి మీరు అడగలేదు. కానీ సగం జబ్బు అక్కడే ఉంది. 30 కిలోల గొర్రె రోజుకు సుమారు కిలో ఎండు మేత తింటుంది. మందకు రోజుకు 40 కిలోలు. బీడు ఎకరాకు 400 కిలోల ఎండుగడ్డి ఇచ్చిందనుకున్నా ఆరెకరాలకు 2,400. అందులో సగం నేల మీద ఉండిపోవాలి, లేకుంటే దుబ్బు చస్తుంది. మిగిలిన 1,200 కిలోలు మీ మందకు 30 రోజుల మేత. మీరు ఎన్ని నెలలు తోలుతున్నారు? గడ్డిని మొదలంటా కొరికిస్తే వేరు కూడా పొట్టిదవుతుంది, ఉన్న 22 మిల్లీమీటర్లు కూడా అందుకోలేదు. బీడులో గొర్రెలు ముట్టని తంగేడు పెరుగుతోందంటే మేత మితిమీరిందనే గుర్తు.

తొలకరి పడ్డాక 6 నుంచి 8 వారాలు మందను లోపలికి తోలొద్దు. బీడును నాలుగు ముక్కలు చేసి మార్చి మార్చి మేపండి. గడ్డి 10 సెంటీమీటర్లకు దిగగానే మంద బయటికి రావాలి.

పలచబడ్డ రెండెకరాల్లో కట్టలు పూర్తయ్యాక, తొలకరికి ముందు, ఎకరాకు అంజన్ గడ్డి, స్టైలో హమాటా (పప్పుజాతి మేత మొక్క) విత్తనం చెరో కిలోన్నర వేసుకోవచ్చు. అంజన్ విత్తనం అప్పుడే కోసినది మొలవదు, కిందటి ఏడాదిది తెచ్చుకోండి. నూగుగా ఉండి గాలికి ఎగురుతుంది కాబట్టి ఐదింతలు తడి ఇసుకలో కలపండి. స్టైలో గింజ పైపొర గట్టిది. మరిగే నీళ్లు మూడు వంతులు, చన్నీళ్లు ఒక వంతు కలిపితే దాదాపు 80 డిగ్రీలు వస్తాయి. అందులో 4, 5 నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టండి. వాలుకు అడ్డంగా అర మీటరుకో గీత గీసి, సెంటీమీటరు లోతుకు మించకుండా వేయండి. ఎక్కువ మంది విత్తనం పోగొట్టుకునేది లోతుగా వేసే. మొదటి ఏడాది అందులోకి మందను వదలకండి, గింజ రాలాక కొడవలితో కోసి మేపుకోండి.

భూసార పరీక్ష తప్పక చేయించండి, దానికీ ఒక మెలిక ఉంది. పరీక్ష చేసేది జల్లెడ దిగిన సన్న మట్టికి. హెక్టారుకు ఇన్ని కిలోలు అని నివేదికలో వేసేది, 15 సెంటీమీటర్ల లోతున 22.4 లక్షల కిలోల మట్టి ఉందన్న లెక్కతో. మీ దగ్గర మూడో వంతు రాయి. కాబట్టి పొటాష్ 210 కిలోలు అని వస్తే నిజానికి ఉన్నది 140. సేంద్రియ కర్బనం శాతం చూసి కూడా మురిసిపోకండి, ఆకూ వేరూ కుళ్లినదంతా కొద్ది మట్టిలోనే పోగవుతుంది కాబట్టి అంకె ఎక్కువగా కనబడుతుంది. నివేదికలో భాస్వరం హెక్టారుకు 10 కిలోల లోపు వస్తేనే స్టైలో వేసే చోట ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, అదీ గీతల్లో వేయండి. ఏరిన చోట, ఏరని చోట విడివిడిగా అర కిలో చొప్పున మట్టి తీసి, సంచి మీద గుంటలో తేలిన రాళ్ల శాతం, బండ తగిలిన లోతు రాసి పంపండి.