నారింజ రంగు టైల్స్‌లో యురేనియమా?

ప్రశ్న: బొబ్బిలిలోని మా తాతగారి ఇంట్లో గోడకు నారింజ రంగు పింగాణీ టైల్స్ ఉన్నాయి. బంధువులు అమెరికా నుంచి తెచ్చిన అదే రంగు పాత పళ్లెం కూడా ఉంది. వీటిలో యురేనియం ఉండవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: ఉండవచ్చు. 1789లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్‌రోత్ యురేనియాన్ని కనుగొన్న తరువాత చాలాకాలం దానిని ప్రధానంగా గాజుకూ పింగాణీకీ రంగునివ్వడానికే వాడారు. పూతలోని ఇతర పదార్థాలనూ బట్టీలో గాలి అందే తీరునూ బట్టి అది పసుపు, నారింజ, ఎరుపు, నలుపు రంగులనిచ్చేది. అమెరికాలో 1936లో వచ్చిన ఫియస్టా అనే పింగాణీ పాత్రల ఎరుపు ఇటువంటిదే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యురేనియం ప్రభుత్వ అధీనంలోకి వెళ్లడంతో ఆగిన ఆ రంగు, 1959లో క్షీణ యురేనియంతో (అణు ఇంధనానికి పనికొచ్చే భాగాన్ని చాలావరకు తీసేయగా మిగిలిన యురేనియం) మళ్లీ మొదలైంది.

గోడ టైల్స్ గురించి బెంగ అక్కరలేదు. యురేనియం వెలువరించే ఆల్ఫా కణాలు కొద్ది సెంటీమీటర్ల గాలిలోనే ఆగిపోతాయి, మిగిలిన వికిరణం (రేడియేషన్) కూడా దూరంతో బాగా తగ్గుతుంది. అయితే మరమ్మతుల్లో వాటిని కోసి దుమ్ము రేపవద్దు. పళ్లెం సంగతి వేరు. చింతపండు పులుసు, నిమ్మరసం, ఆవకాయ వంటి పుల్లని పదార్థాలు పూతలోని యురేనియాన్నీ, ఉంటే సీసాన్నీ కరిగిస్తాయి. యురేనియం మూత్రపిండాలకు విషం. ఎంత ముచ్చటైనదైనా దానిని అలమారలోనే ఉంచండి.

కాడ్మియం, సెలీనియం పూతలూ ఇదే రంగులో ఉంటాయి కాబట్టి కంటితో తేల్చలేము; వికిరణాన్ని పసిగట్టే గైగర్ కౌంటరు అనే పరికరంతో పరీక్షించాలి.