పెళ్లి కుదిరింది, అండాలిచ్చిన సంగతి బయటపెడతానని బెదిరిస్తున్నారు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. వయసు 26. బోర్లు ఎండిపోయి నాన్న అప్పులపాలైతే, రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉన్నప్పుడు డబ్బు కోసం, పిల్లలు లేని దంపతులకు ఆసుపత్రిలో అండాలు ఇచ్చాను. అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు జడ్చర్ల సంబంధం కుదిరింది. అప్పుడు తీసుకెళ్లిన ఏజెంటు ఆవిడ మళ్లీ రమ్మంటోంది, రాకపోతే అబ్బాయి వాళ్లకు చెప్తానంటోంది. నా ఆధార్ కాపీ ఆమె దగ్గరుంది. నా అండంతో పుట్టిన బిడ్డ రేపు నన్ను వెతుక్కుంటూ వస్తే? నాకు పిల్లలు పుడతారా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నిండా మీ తప్పే ఉన్నట్టు రాశారు. నాన్న అప్పు కోసం సూదులు పొడిపించుకున్నారు మీరు. ఇప్పుడు తప్పు చేస్తున్నది ఆ ఏజెంటు ఆవిడ.

మళ్లీ మాత్రం వెళ్లకండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వొచ్చు, అవీ ఏడుకు మించి తీయకూడదు. అండాలు అమ్మే వ్యాపారం చేస్తే మొదటిసారి 5 నుంచి 10 లక్షల జరిమానా, మళ్లీ దొరికితే 3 నుంచి 8 ఏళ్ల జైలు. నోరు విప్పితే ఆవిడకే ఎక్కువ నష్టం.

ఆమె మెసేజ్‌లు, కాల్ రికార్డులు చెరిపేయకండి. వాదించొద్దు, రూపాయి కూడా పంపొద్దు. నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు లాయర్‌ను ఉచితంగా ఇస్తుంది. మీరూ డబ్బు తీసుకున్నారు కాబట్టి ఫిర్యాదులో ఏం రాయాలో ముందు ఆ లాయర్‌తో మాట్లాడండి, తర్వాత పోలీసుల షీ టీమ్ దగ్గరికి వెళ్లండి. మనసు మరీ కుంగితే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేసుకోండి.

బిడ్డ సంగతి. చట్టం దృష్టిలో ఆ బిడ్డ పూర్తిగా ఆ దంపతులదే. మీకు హక్కూ లేదు, బరువూ లేదు. మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రిది. రికార్డులు కనీసం పదేళ్లు ఉంటాయి, తర్వాత ఇలాంటి చికిత్సల వివరాలు ఉంచే జాతీయ రిజిస్ట్రీకి చేరతాయి. అడిగినవాళ్లకల్లా చూపించే కాగితాలు కావవి. అయితే వంశం చెప్తామంటూ ఉమ్మి నమూనా అడిగే డీఎన్ఏ కిట్ల జోలికి మీరుగానీ అక్కగానీ పోకండి. పేరు దాచినా రక్తసంబంధం అక్కడ బయటపడొచ్చు.

పిల్లల గురించి అంత భయం అక్కర్లేదు. నెలనెలా చాలా అండాలు ఎదగడం మొదలుపెడతాయి, మామూలుగా ఒకటే పండుతుంది, మిగతావి ఎండిపోతాయి. అలా పోయేవాటినే ఇంజెక్షన్లతో పెంచి తీస్తారు. సూదితో లోపలి నుంచే తీస్తారు కాబట్టి పొట్ట మీద కోత గుర్తు కూడా ఉండదు. ధైర్యం కోసం ఒకసారి గైనకాలజిస్టుకు చూపించుకోండి.

ఇక అబ్బాయికి చెప్పాలా? చెప్పి తీరాలని నేననను. ఇది మీ ఒంటి సంగతి. అత్తింటివాళ్లందరి ముందూ పెట్టాల్సిన పని అసలే లేదు. కానీ అతని ముందు ఈ మాట మోయలేననిపిస్తే, నాలుగుసార్లు మాట్లాడి మనిషి ఎలాంటివాడో చూసుకున్నాక, ఎదురుగా కూర్చుని చెప్పండి. వాట్సాప్‌లో మాత్రం రాయకండి, ఆ స్క్రీన్‌షాట్ ఎవరి చేతికి పోతుందో తెలియదు. ఆవిడ బెదిరించిందని హడావుడిగా చెప్పొద్దు, ముందు ఆ బెదిరింపు ఆగనివ్వండి.

అక్కను వెంటబెట్టుకుని ఈ వారంలోనే నల్లగొండ వెళ్లిరండి.