ఫ్లై ఫిషింగ్‌కు పారే ఏరే కావాలా? వరంగల్ చెరువుల్లో నింఫ్‌తో చేపలు పడతాయా, ఏ నింఫ్ కొనాలి?

పడతాయి. అయితే నాకు మొదటి చేప పడేసరికి దాదాపు ఏడాది పట్టింది. తప్పు చెరువుది కాదు, నాదే.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. నింఫ్ అంటే తూనీగలాంటి పురుగులు రెక్కలు రాకముందు నీళ్ళలో బతికే రూపం. ఎర పెట్టకుండా గాలానికి ఈకలు చుట్టి, అదే పురుగని చేపను నమ్మించడమే ఫ్లై ఫిషింగ్. ఆ నకిలీ పురుగునూ నింఫ్ అనే అంటాం. వీడియోల్లో ఎక్కువగా ఏరులే కనిపిస్తాయి. అక్కడ విసిరి వదిలేస్తే నీళ్ళే మోసుకుపోతాయి. చెరువులో ఆ సాయం ఉండదు కాబట్టి నేను టకటకా లాగేసేవాణ్ణి. తీరిగ్గా చూడనిస్తే నకిలీదని చేప కనిపెట్టేస్తుందని నా భయం.

ఒకరోజు హసన్‌పర్తి వైపు ఒక ఊరి చెరువులో, తూము పక్కన నాచు ఎత్తితే తూనీగ పిల్ల దొరికింది. ఖాళీ పచ్చడి సీసాలో వేసి ఇంటికి తెచ్చాను (ఇంట్లో ఏమన్నారో ఇక్కడ రాయను). చిటికెన వేలి గోరుకు రెండింతలుంది, బురద రంగు. చాలాసేపు కదలనే లేదు. చీపురుపుల్లతో తాకితే మాత్రం కాళ్ళు ఒంటికి ఆనించుకుని జివ్వున దూసుకుపోయి, మళ్ళీ రాయిలా ఆగిపోయింది. ఇది కాళ్ళతో ఈదదు, వెనక నుంచి నీళ్ళు చిమ్మి ముందుకు పోతుంది.

ఆ ఆదివారం అలాగే చేశాను. రెండంగుళాలు చిన్నగా గుంజి, ఐదు లెక్కపెట్టేదాకా చెయ్యి కదపలేదు. మూడోసారి ఆపినప్పుడు లైన్ కొస పక్కకు జరిగింది. అరకిలో జిలేబి చేప (తిలాపియా).

నాకు చేపలు ఎక్కువగా పడేది ఆ ఆగినప్పుడే. చేప గుంజితే చేతికి తెలుస్తుందని కూర్చుంటే మోసపోతారు. నోట్లో పెట్టుకుని, నచ్చకపోతే ఉమ్మేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. కళ్ళు లైన్ కొస మీదే ఉండాలి. రాడ్ కొన నీళ్ళను తాకేలా కిందికి పెట్టండి, అప్పుడు లైన్ వదులుగా వేలాడదు. నింఫ్ మునిగేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోండి. పన్నెండు దగ్గర చేప పడితే తర్వాత కూడా పన్నెండుకే లాగడం మొదలుపెట్టండి, చేపలు ఆ లోతులోనే ఉంటాయి.

బంగారుతీగ చేప (కామన్ కార్ప్) కావాలంటే దారి వేరు. చెరువు అడుగు బురదలో సన్నటి ఎర్ర పురుగులుంటాయి, దోమలా ఉండి కుట్టని ఒక రకం ఈగ పిల్లలు. మన రక్తంలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హీమోగ్లోబిన్ ఉంటుంది. ఆ ఎరుపు దానిదే, గాలి తక్కువున్న బురదలో బతకగలిగేదీ దానివల్లే. బంగారుతీగ అడుగున కెలుక్కుని తినేవాటిలో ఇవీ ఉంటాయి. 14వ నంబర్ గాలానికి ఎర్ర దారం చుట్టి, పైన చిన్న థర్మోకోల్ ముక్క బెండులా కట్టి, అడుగుకు జానెడు పైన వేలాడదీస్తాను. అల బెండును ఊపుతుంది, బెండు పురుగును ఊపుతుంది. ఇది ఫ్లై ఫిషింగే కాదని కొందరంటారు, అననివ్వండి. బొచ్చెకు మాత్రం ఇవేవీ పెద్దగా పనికిరావు, అది పైనీళ్ళలో కంటికి ఆనని జీవాలను వడగట్టుకుని తింటుంది.

ఏ నింఫ్ కొనాలంటే, కొనకండి. ఇంగ్లండులో ఫ్రాంక్ సాయర్ అనే నది కాపలాదారు దారం మానేసి, సన్నటి రాగితీగతోనే ఈకను గాలానికి చుట్టాడు. కట్టూ అదే, బరువూ అదే. ఆయన వాడింది ఫెజెంట్ అనే పక్షి తోక ఈక, నేను గోధుమరంగు నాటుకోడి ఈకతో కానిస్తున్నాను. తీగ మోటార్ వైండింగ్ షాపులో చెత్తలోంచి ఇచ్చారు, డబ్బులడగలేదు. రాడ్ తొమ్మిదడుగులది, ఐదో నంబర్, నీటిపై తేలే లైన్. కొసన సన్నదారం పది అడుగులకు తగ్గకూడదు.

ఎవరూ చెప్పని కష్టం కట్టతో వస్తుంది. నీళ్ళంచున నిలబడి రాడ్ వెనక్కి విసిరితే గాలం రాళ్ళకు తగులుతుంది, లేదా తుమ్మచెట్టుకు చిక్కుతుంది. ఒకసారి మొన విరిగిన గాలంతో గంటసేపు ఓపిగ్గా విసిరాను. రెండుసార్లు లైన్ కదిలినా ఏమీ పడలేదు, చూసుకుంటే ఇదీ సంగతి. వెనక్కి విసరకండి. లైన్ నీళ్ళ మీద ఉండగానే రాడ్‌ను మెల్లగా చెవిదాకా తెచ్చి ముందుకు విదిలించండి. దూరం సగమే పోతుంది, కానీ చేపలు నాచు అంచునే తిరుగుతాయి కాబట్టి చాలు.

వానాకాలం కొత్తనీరు వచ్చి ఎర్రబారితే ఇంట్లో ఉండండి, నింఫ్‌ను చేప కంటితో చూసి పట్టాలి. దీపావళి తర్వాత నీళ్ళు తేరుకుంటాయి.

వెళ్ళేముందు మత్స్య సహకార సంఘం వాళ్ళను అడగండి. ఊరి చెరువుల్లో చేపలు చాలాచోట్ల వాళ్ళవే. పాకాల చెరువు అభయారణ్యం లోపల ఉంది, అటు గాలం తీసుకెళ్ళొద్దు. నేను వెళ్ళే చెరువు దగ్గర సంఘం పెద్దమనిషి మొదటిరోజు నా గాలం చూసి, "ఎర లేని గాలమేంది తమ్మీ, మొక్కు గిట్ల ఉన్నదా?" అన్నాడు. ఒప్పందం ఏంటంటే రోహు, బంగారుతీగ పడితే మళ్ళీ నీళ్ళలోకే, జిలేబి మాత్రం నాకు. అందుకే గాలం మొన పక్కన ఎదురుగా ఉండే చిన్న ముల్లును ముందే కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తాను, చేప దెబ్బతినకుండా వస్తుంది.

జిలేబిని పట్టుకునేటప్పుడు తల వైపు నుంచి తోక వైపుకు చెయ్యి జరపండి. వెన్ను ముళ్ళు పడుకుంటాయి. ఎదురు జరిపితే రెండురోజులు అన్నం కలపలేరు.