దున్‌హువాంగ్ చరిత్ర రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీ దగ్గర కునుకు పట్టింది, దాచడమెందుకు. ఆ పాపం దున్‌హువాంగ్‌ది కాదు. ఎడారి అంచున, చైనా నుంచి పడమటికి పోయే దారులు చీలే చోట రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన ఊరది, దానికి కథలకేం కరువు? హాన్ కాలంలో ఇలా ఉండేది, వెయ్ కాలంలో ఇలా అయింది, స్వీ వాళ్లు పేరు మార్చారు, తాంగ్ వాళ్లు మళ్లీ మార్చారు అంటూ నువ్వు వరస పెట్టిన తీరు పెళ్లిలో చదివింపులు చదివినట్టుంది. ఎవరెంత ఇచ్చారో తెలుస్తుంది కానీ పెళ్లెవరిదో తెలియదు.

నేనూ ఈ దారినే వచ్చాలే. నలభై ఏళ్ల కిందట ఒక కోట చరిత్ర మీద రాసిన నా మొదటి వ్యాసాన్ని ఒక సంపాదకుడు తిప్పి పంపుతూ అంచున ఎర్రసిరాతో ఒక్క ప్రశ్న రాశాడు: “ఈ కోటలో ఎవరైనా అన్నం తిన్నారా?” వారం రోజులు కోపంతో ఊగిపోయాను. తర్వాత ఆ కాగితం ముప్ఫై ఏళ్లు నా బల్ల సొరుగులోనే ఉంది.

నీ మొదటి వాక్యంతోనే మొదలుపెడదాం. “క్రీ.పూ. 111లో దున్‌హువాంగ్ ఏర్పడింది” అని కొట్టినట్టు రాశావు. హాన్ వంశ చరిత్ర అయిన హాన్‌షూలో చక్రవర్తి వూ పాలన గురించిన అధ్యాయం నువ్వు చెప్పిన ఏడాదే చెబుతుంది. అదే గ్రంథంలో భూగోళ అధ్యాయం మాత్రం పక్కనున్న జ్యూచ్వాన్ ప్రాంతం నుంచి విడదీసి క్రీ.పూ. 88లో ఏర్పాటు చేశారంటుంది. ఒకే పుస్తకంలో రెండు తేదీల మధ్య 23 ఏళ్ల తేడా! ఇది పాఠకుడికి చెప్పాల్సిన సంగతే, దాచేది కాదు. ముందు సైన్యం వచ్చి గుడారాలు వేసి ఉంటుంది, కచేరీ నిలదొక్కుకోవడానికి మరో తరం పట్టి ఉంటుంది. ఇది నా ఊహ. నీకు వేరేలా తోస్తే అలాగే రాయి, కానీ రెండు తేదీలూ పాఠకుడి ముందు పెట్టి రాయి.

ఇంకో పొరపాటు. 11,200 ఇళ్లు, 38,335 మంది అన్న అంకెను కౌంటీకి అంటగట్టావు. అది దున్‌హువాంగ్ జున్ మొత్తానిది, అంటే కౌంటీల పైనుండే పెద్ద పాలనా విభాగానిది. ఆ జున్ కింద ఆరు కౌంటీలుండేవి, దున్‌హువాంగ్ కౌంటీ వాటిలో ఒకటి. పైదానికీ లోపలిదానికీ ఒకే పేరు ఉంటే తడబడటం సహజమే. అందుకే మాటల సంగతి ముందే తేల్చుకో. చైనావాళ్లు శ్యెన్ అనేదాన్ని నువ్వు ఒకచోట జిల్లా, ఒకచోట తాలూకా, మరోచోట మండలం అన్నావు. మన పాఠకులకు అలవాటైన కౌంటీ అన్న మాటనే చివరిదాకా వాడు. కౌంటీకి పై విభాగాలైన జున్, జౌ లను అలాగే ఉంచి ఒకసారి వివరించు. కౌంటీ అధికారిని మాత్రం తహసీల్దారు అనకు. పన్ను, హత్య కేసు విచారణ, ధాన్యపు కొట్లు, వానలు పడకపోతే చేసే పూజ, అన్నీ ఆయన నెత్తినే. మింగ్, చింగ్ కాలాల్లో అయితే ఆయన్ని సొంత రాష్ట్రంలో నియమించేవాళ్లు కాదు. మూడేళ్లో అయిదేళ్లో ఉండి పోయే మనిషికి ఏ పొలం ఎవరిదో ఏం తెలుస్తుంది? తెలిసినవాళ్లు కింది గుమాస్తాలు. కరణాల కాలం చూసిన మన పెద్దవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఆరు కౌంటీల్లో శ్యావ్‌గు ఒకటి. నువ్వు పేరు రాసి వదిలేశావు, నేనైతే అక్కడే ఆగేవాణ్ని. క్రీ.పూ. 105లో జినాన్ నుంచి వచ్చిన త్స్వే బుయి అనే చిన్న సైనికాధికారి అక్కడి జనానికి సేద్యం నేర్పాడట. వాళ్లు ఒళ్లొంచి ధాన్యం పండించారు కాబట్టి కౌంటీకి ఆ పేరు పెట్టారని ఒక పాత వ్యాఖ్యానం. పేరులోని ‘గు’ అంటే ధాన్యమే. ఈ కౌంటీలోనే శ్వెన్‌చ్వాన్ అనే మజిలీ ఉండేది, దారిన పోయే అధికారులకూ దూతలకూ బస, భోజనం, గుర్రాలు ఇచ్చే చోటు. 1990-92 మధ్య అక్కడ తవ్వితే రాత ఉన్న చెక్క పలకలు ఇరవై వేలకు పైగా దొరికాయి. వాటిలో క్రీ.పూ. 62 నాటి కోళ్ల పద్దు ఉంది! ఎన్ని వచ్చాయి, ఏ అధికారి వచ్చినప్పుడు ఎన్ని కోశారు, అంతా లెక్క. నా సంపాదకుడి ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు ఏ సామ్రాజ్య చరిత్రలో దొరుకుతుంది చెప్పు?

పేర్ల మార్పులు నువ్వు నాలుగు పేజీలు రాశావు. అర పేజీ చాలు. సింహాసనం లాక్కున్న వాంగ్ మాంగ్ దున్‌హువాంగ్‌ను దున్‌ద అన్నాడు, ఆయనతోనే ఆ పేరూ పోయింది. ఉత్తర జౌ పాలకులు చుట్టుపక్కల కౌంటీలు కలిపేసి మింగ్‌షా అన్నారు. పక్కనున్న మోగే ఇసుక కొండ పేరది. స్వీ వాళ్లు తిరిగి దున్‌హువాంగ్ చేశారు. తాంగ్ కాలంలో కౌంటీ పేరు నిలిచింది కానీ పైనున్న జౌ, అంటే షాజౌ, క్రీ.శ. 742లో దున్‌హువాంగ్ జున్ అయి, 758లో మళ్లీ షాజౌ అయింది. మన దగ్గర 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు బోర్డులు మారాయి, చెరువులు ఉన్నచోటే ఉన్నాయి. దున్‌హువాంగ్‌కు ఆ చెరువు లాంటిది గాన్‌చ్వాన్ నది, ఇప్పటి దాంగ్ నది. ఆ నీళ్లు లేకపోతే ఊరే లేదు. ఏ కాలువకు ముందు వదలాలి, ఏ కాలువకు తర్వాత అన్న వంతులు రాసిపెట్టిన తాంగ్ కాలపు కాగితం ఒకటి మిగిలింది. అది నీ వ్యాసంలో లేదు. రాజుల పేర్లలో సగం కొట్టేసి దాన్ని పెట్టు.

ఇక అసలు సరుకు ఇంటి పద్దులు. 416 నాటిది ఒకటుంది: దున్‌హువాంగ్ జున్, దున్‌హువాంగ్ కౌంటీ, శీదాంగ్ పల్లె, గావ్‌చాంగ్ వాడ. కింద ఒక్కో ఇంట్లో ఎవరెవరు, ఎవరి వయసెంత అని ఉంది. అప్పుడు పాలించింది పశ్చిమ ల్యాంగ్ అనే చిన్న రాజ్యం. ఆ రాజ్యం కొన్నేళ్లలోనే పోయింది, పద్దు మిగిలింది. 747 నాటి ఇంకో పద్దులో లుంగ్‌ల పల్లె ఇళ్లున్నాయి. దాన్ని నిదానంగా చూడు. ఇంటింటా ఆడవాళ్లు లెక్కకు మించి కనిపిస్తారు, మగవాళ్లు తక్కువ. పల్లెలో ఆడపిల్లలే పుట్టారా? పన్నూ సైనిక సేవా మగవాడి మీద పడేవి కాబట్టి మగవాళ్లను లెక్కలోంచి తప్పించి ఉంటారని పండితుల అనుమానం. కచేరీ రాసుకున్న ఊరు ఒకటి, ఉన్న ఊరు ఇంకోటి. ఆ రెంటి మధ్య సందులో దూరి చూడటమే నీ పని.

టిబెట్ వాళ్లు వచ్చిన ఘట్టాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. చదివి నిజంగానే బాధేసింది. కొత్త తాంగ్ చరిత్ర ప్రకారం పదకొండేళ్లు ముట్టడి సాగింది. తిండీ ఆయుధాలూ అయిపోయాక కోట కాపలాదారు యెన్ చావ్ గోడెక్కి ఒక్కటే అడిగాడు, మా జనాన్ని వేరే చోటికి తరలించనంటే కోట అప్పగిస్తామని. వాళ్లు ఒప్పుకున్నారు. ఇది జరిగింది 780ల్లో, ఏ ఏడాది అన్నదానిపై తగువు తెగలేదు. తర్వాత తాంగ్ కాలపు పల్లెల విభాగం పోయి జనాన్ని టిబెట్ పద్ధతిలో దళాలుగా విడదీశారు. చక్రవర్తి పాలనా సంవత్సరాల బదులు కాగితాల మీద ఎలుక ఏడు, ఎద్దు ఏడు అని వేశారు. జనం టిబెట్ దుస్తులే వేసుకున్నారు. ఏడాదికోసారి పితృదేవతల పూజ వచ్చినప్పుడు మాత్రం పాత చైనా బట్టలు తీసి కట్టుకుని, ఏడ్చి, మళ్లీ దాచేవారని అదే గ్రంథం చెబుతుంది. పాలన మారడమంటే ఏమిటో చెప్పడానికి ఆ బట్టల పెట్టె చాలు. 848లో జాంగ్ ఈచావ్ తిరగబడి ఊరిని గెలుచుకున్నాడు, 851లో తాంగ్ ఆస్థానం ఆయన్ని గుయ్‌ఈ సేనకు అధిపతిని చేసింది, పల్లెల పేర్లు కాగితాల మీదికి తిరిగొచ్చాయి. తర్వాత చావ్ కుటుంబం, 1036లో పశ్చిమ శ్యా రాజ్యం, 1227లో మంగోలులు. ఇవి త్వరగా దాటు, ఫరవాలేదు.

దాటకూడనిది ఖాళీ. మింగ్ వంశం 1405లో అక్కడ షాజౌ దళం అని సరిహద్దు కావలి పెట్టింది, 1446లో ఆ జనాన్ని లోపలికి తరలించింది. అప్పటినుంచి చింగ్ కాలం దాకా, దాదాపు 280 ఏళ్లు, చైనా కచేరీ అక్కడ లేదు. కౌంటీ లేదు, పద్దు లేదు. “ఈ కాలానికి సమాచారం లభ్యం కాదు” అని రాసి చేతులు దులుపుకున్నావు. అలా కాదు. ఏలే కచేరీ లెక్కరాయడం మానేస్తే ఊరు ఏమవుతుందన్నదే ఇక్కడి విషయం. 1725లో చింగ్ వాళ్లు మళ్లీ అక్కడ సైనిక పాలన నిలబెట్టేసరికి పాత కోట గోడను నది కోసేసింది. కొత్త కోట దానికి తూర్పున కట్టారు. గాన్సులోని 56 చోట్ల నుంచి రైతు కుటుంబాలను తెచ్చి దింపారు, ఎక్కడినుంచి వచ్చినవాళ్ల వాడకు అక్కడి పేరే పెట్టారు. మన డెల్టా వాళ్లు వలస పోయి క్యాంపులు పెట్టుకుని సొంత ఊరి పేర్లు తగిలించుకున్నట్టే. 1760లో దాన్ని మళ్లీ దున్‌హువాంగ్ కౌంటీ చేశారు. 1987లో అది నగరమైంది, ఇప్పటికీ కౌంటీ స్థాయిదే.

ముగింపు కోసం తిప్పలు పడ్డానని రాశావు. ముగింపు నీ దగ్గరే ఉంది, మూడో పేజీ కింది గమనికలో పారేశావు. 1900లో వాంగ్ యువెన్‌లు అనే తావో పూజారి ఊరికి దగ్గర్లోని మొగావ్ బౌద్ధ గుహల్లో మూసిన గది ఒకటి కనిపెట్టి కౌంటీ అధికారికి చూపించాడు. 1904లో పైనుంచి హుకుం వచ్చింది: ఎక్కడివి అక్కడే ఉంచి మూసేయండి. మూయించింది కౌంటీ అధికారి వాంగ్ జోంగ్‌హాన్. లోపల బౌద్ధ సూత్రాలతో పాటు 416 నాటి పద్దు, 747 నాటి పద్దు, నీళ్ల వంతుల కాగితం ఉన్నాయి. అంటే తన కచేరీ పాత దస్తావేజుల మీద తనే తాళం వేయించాడన్నమాట. 1907లో బ్రిటన్ తరఫున స్టైన్, 1908లో ఫ్రెంచి పండితుడు పెలియో వచ్చి కాగితాలు పట్టుకుపోయాక 416 పద్దు లండన్ చేరింది. 747 పద్దు ముక్కలు కొన్ని లండన్‌లో, కొన్ని పారిస్‌లో ఉన్నాయి. వాంగ్ జోంగ్‌హాన్‌ను దోషిగా నిలబెట్టాలని నీకు అనిపించవచ్చు. నాకు అంత తొందర లేదు. ఆయన ముందు రోజూ ఉండిన ఫైళ్ల గుట్ట ఎలాంటిదో ఊహించు, తర్వాత రాయి.

దసరా లోపల కొత్త ప్రతి పంపు. పన్నెండు పేజీలు మించనివ్వకు. కోళ్లు మాత్రం ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు

తా.క.: ఊరి పేరును డన్‌హాంగ్, తున్‌హువాంగ్, దున్‌హువాంగ్ అని మూడు రకాలుగా రాశావు. పాపం, దాని పేరు వాంగ్ మాంగ్ ఒక్కసారే మార్చాడు.