వెన్నెముక సర్జరీ ఫెలోషిప్ కోసం మాగాణి అమ్మాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా అబ్బాయి ప్రైవేటు కళాశాలలో ఎమ్మెస్ ఆర్థోపెడిక్స్ పూర్తి చేశాడు. విద్యారుణం వడ్డీతో కలిపి 20 లక్షలుంది. వెన్నెముక సర్జరీలో రెండేళ్ల ఫెలోషిప్ చేస్తానంటున్నాడు. బంధువులు మాత్రం చదువు చాలించి, మూడెకరాల మాగాణి అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నెల్లూరులో సొంత ఆసుపత్రి పెట్టించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఫెలోషిప్ చేయనివ్వండి, పొలం అమ్మకండి, సొంత ఆసుపత్రి మాట ఇప్పుడు తలపెట్టకండి.

ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఎమ్మెస్‌కు మూడేళ్లు వెచ్చించిన కుటుంబానికి మరో రెండేళ్లు భారంగా తోచడం సహజమే. అయితే ఎమ్మెస్‌లో విరిగిన ఎముకలు, కీళ్లు, వెన్ను అన్నీ నేర్పుతారు కాబట్టి, నరాల పక్కనే స్క్రూలు బిగించే పనిలో చేయి తిరిగేంత అనుభవం ఆ మూడేళ్లలో సాధారణంగా రాదు. జాతీయ పరీక్షల మండలి నిర్వహించే ఎఫ్ఎన్‌బీ (ఫెలోషిప్ ఆఫ్ నేషనల్ బోర్డ్) స్పైన్ సర్జరీ రెండేళ్ల కోర్సు. దానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, చేరినవారికి స్టైపెండ్ ఇస్తారు. అందువల్ల మీకు అసలు ఖర్చు ఫీజు కాదు, రెండేళ్లపాటు వాయిదా పడే సంపాదన.

రుణంపై వడ్డీ 10 శాతం అనుకుంటే ఏడాదికి రెండు లక్షలు, అంటే నెలకు సుమారు 16,700 రూపాయలు. దీన్ని స్టైపెండ్ నుంచే కట్టగలిగితే అసలు 20 లక్షల దగ్గరే నిలిచి, ఆపై ఏడేళ్ల వాయిదా నెలకు సుమారు 33,200 అవుతుంది; కట్టకుండా వదిలేస్తే 24 లక్షలకు చేరి, వాయిదా దాదాపు 39,800 అవుతుంది. కోర్సు ముగిశాక బ్యాంకులు సాధారణంగా ఏడాదే గడువిస్తాయి కాబట్టి, రెండో ఏడాది కోసం ఫెలోషిప్ ప్రవేశ పత్రం జతచేసి ముందుగానే లిఖితపూర్వకంగా అడగండి. విద్యారుణ వడ్డీపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే, అదీ వడ్డీ కట్టడం మొదలైన ఏడాది నుంచి ఎనిమిదేళ్ల వరకే ఉంటుంది. ఇప్పుడే వడ్డీ కడితే, ఆదాయం తక్కువున్న ఈ రెండేళ్లూ ఆ ఎనిమిదేళ్ల లెక్కలో కరిగిపోతాయి. అయినా సరే, అప్పు పెరగనివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

పొలం కౌలు ఈ వడ్డీకి కొంత చేదోడు అవుతుంది. ఎప్పటికైనా అమ్మవలసి వస్తే, జనాభా లక్ష లోపున్న మున్సిపాలిటీ హద్దుకు గగనమార్గాన రెండు కిలోమీటర్లు దాటిన సాగుభూమిపై మూలధన లాభాల పన్ను ఉండదన్నది గుర్తుంచుకొని, ముందుగా సర్వే నంబరుతో ఆ దూరం నిర్ధారించుకోండి.

ఇక ఆసుపత్రి విషయం. వెన్ను ఆపరేషన్‌కు సీ-ఆర్మ్ (ఆపరేషన్ చేస్తుండగా ఎక్స్‌రే చూపే యంత్రం), మైక్రోస్కోప్, మత్తు వైద్యుడు, ఐసీయూ కావాలి. ఇవన్నీ అప్పు తెచ్చి సమకూర్చినా, వెన్నుకు కత్తి పెడితే కాళ్లు పడిపోతాయని భయపడే రోగి కొత్త డాక్టరును నమ్మడానికి సమయం పడుతుంది. ఈ ప్రాంతం వారిలో ఎందరో నేటికీ రైలెక్కి చెన్నై వెళ్తున్నారంటే, ఇక్కడ అవకాశం ఉందనీ, అది వెంటనే చేతికి రాదనీ రెండూ అర్థం చేసుకోవాలి. కొన్నేళ్లు నెల్లూరులోనో ఒంగోలులోనో పెద్ద ఆసుపత్రిలో కన్సల్టెంటుగా పనిచేస్తే, యంత్రాల నష్టభయం వారిది, పేరు మీ అబ్బాయిది.

కన్సల్టెంటుకు వచ్చేది జీతం కాదు, వృత్తి రుసుము. ఆసుపత్రి 10 శాతమే పన్ను కోసి ఇస్తుంది. తన శ్లాబు 30 శాతమైతే మిగతాది తానే కట్టాలి. ఏటా వచ్చే రుసుము 75 లక్షలు మించకుండా, నగదు అందులో 5 శాతం లోపే ఉంటే, రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే పద్ధతి ఎంచుకొని, ముందస్తు పన్ను మార్చి 15లోగా ఒకేసారి చెల్లించవచ్చు. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవలను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చింది కనుక, మొదటి ఆపరేషన్‌కు ముందే వృత్తి బాధ్యత పాలసీ (రోగి కేసు వేస్తే పరిహారం భరించే బీమా) తీసుకొని, మధ్యలో తెగిపోకుండా పునరుద్ధరించుకోవాలి. రుణానికి సరిపడా టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తే కుటుంబానికి సొమ్మిచ్చే బీమా), చేతికి గాయమై పని ఆగితే ఆదుకునే వైకల్య బీమా మాత్రం ఈ నెలలోనే తీసుకోమని చెప్పండి.