ఆటల ప్రశ్నోత్తరాలు: హనుమకొండలో పిల్లల బేస్‌బాల్

ప్రశ్న: నేను హనుమకొండలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. కిందటి వేసవిలో మా కాలనీ పిల్లలకు బేస్‌బాల్ శిబిరం పెట్టాను. చాలామందే వచ్చారు కాని, టోర్నమెంటుకు జట్టును ఎంపిక చేశాక మిగతావారు మానేశారు, కొన్నాళ్ళకు అంతా ఆగిపోయింది. ఈసారి నిలబడేలా ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆగిపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఎంపిక జరిగిన రోజు నుంచి మిగతా పిల్లలకు ఆడుకోవడానికి ఆటే లేకుండా పోయింది. కనీసం మొదటి ఏడాది బయటి టోర్నమెంటుల మాట ఎత్తకుండా, వచ్చినవారినందరినీ జట్లుగా పంచి, వారానికొకసారి వాళ్ళలో వాళ్ళకే మ్యాచ్ పెట్టండి. 1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ సంస్థను ప్రారంభించినప్పుడు ఉన్నవి మూడే జట్లు. వాటికి అండగా నిలిచినవి ఒక పాల డెయిరీ, ఒక కలప కంపెనీ వంటి ఆ ఊరి వ్యాపారాలే. మీరు కూడా ఒకే పెద్ద దాత కోసం ఎదురుచూడకుండా, ఒక రైసుమిల్లు యజమానిని, ఒక బట్టల దుకాణదారుని, జట్టుకొకరి చొప్పున అడగడం మేలు.

మైదానం కొలతల విషయంలో పట్టుదలగా ఉండండి. పెద్దల ఆటలో బేస్‌కూ బేస్‌కూ (బ్యాటర్ పరుగెత్తి వరుసగా తాకాల్సిన చతురస్రపు మూలలు) మధ్య 90 అడుగులుంటుంది. పదేళ్ళ పిల్లవాడు అంత దూరం బంతిని సూటిగా విసరలేడు కనుక, పరుగెత్తిన ప్రతివాడూ బేస్ చేరుకుంటాడు, ఫీల్డింగ్ చేసేవాళ్ళకు విసుగు పుడుతుంది. పన్నెండేళ్ళ లోపు వారికి బేస్‌ల మధ్య 60 అడుగులు, పిచ్చర్‌కూ (బంతి వేసేవాడికి) హోమ్ ప్లేట్‌కూ (బ్యాటర్ నిలబడే మూలకు) మధ్య 46 అడుగులు సరైన కొలతలు. దీన్ని గీయడానికి తాడు చాలు: హోమ్ ప్లేట్ నుంచి ఎదురు మూలలోని సెకండ్ బేస్‌కు 84 అడుగుల 10 అంగుళాలు కొలిచి, ఆ రెండు చోట్ల నుంచీ 60 అడుగుల తాళ్ళు లాగితే, అవి కలిసేచోట ఒక పక్క ఫస్ట్ బేస్, మరో పక్క థర్డ్ బేస్ వస్తాయి. హోమ్ ప్లేట్ నుంచి సెకండ్ బేస్‌కు గీసే గీత తూర్పు వైపు, కాస్త ఈశాన్యానికి మళ్ళి ఉంటే సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్ళలో పడదు.

అన్ని జట్లకూ విడివిడిగా సామాను కొననక్కరలేదు. ఒక జట్టు ఫీల్డింగ్ ముగించి గ్లౌలను రెండో జట్టుకు ఇచ్చిపోతే, తొమ్మిదితోపాటు ఎడమచేతి వారికి ఒకటి రెండు ఉంటే ఆట సాగిపోతుంది. హెల్మెట్ల విషయంలో, క్యాచర్ (బ్యాటర్ వెనక ఉండి బంతి పట్టేవాడు) ముఖానికి మాస్క్ విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. క్రికెట్ ఆడే మన పిల్లలకు విసరడం, పట్టడం అలవాటే. అయితే బ్యాట్ పట్టుకొనే పరుగెత్తే అలవాటు మాన్పించాలి, అదీ బ్యాట్‌ను వెనక్కి విసిరేయకుండా పక్కన జారవిడిచేలా మొదటి రోజే నేర్పాలి, లేకపోతే అది క్యాచర్‌కు తగులుతుంది. చిన్నవారికి మెత్తని బంతిని స్టాండు మీద పెట్టి కొట్టించండి.

సామాను దొరికేదాకా, ముఖ్యంగా అమ్మాయిలనూ అబ్బాయిలనూ కలిపి ఆడించడానికి, బేస్‌బాల్ ఫైవ్ మంచి మార్గం. జట్టుకు అయిదుగురు, బ్యాటూ గ్లౌ లేకుండా రబ్బరు బంతిని చేత్తోనే కొడతారు, బేస్‌ల మధ్య 13 మీటర్లు కనుక బడి ఆవరణలోనే సరిపోతుంది.

మే నెల ఎండల్లో మొదలుపెట్టి, జూన్‌లో బడులు తెరవగానే చెదిరిపోయే శిబిరాల మీద నాకు నమ్మకం లేదు. దసరా సెలవులు ముగిశాక మొదలుపెడితే ఫిబ్రవరి దాకా వరంగల్ వాతావరణం మీకు అనుకూలంగా ఉంటుంది.

ప్రశ్న: మా బాబుకు పన్నెండేళ్ళు. బంతి వేగంగా వేస్తాడని ప్రతి మ్యాచ్‌లోనూ వాడినే పిచ్చర్‌గా నిలబెడుతున్నారు. మోచేయి లోపలివైపు నొప్పి అంటున్నాడు. అలవాటైతే పోతుందని శిక్షకుడు అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, కాజీపేట

జవాబు: నిజం కాదమ్మా. ఆ వయసులో మోచేతి ఎముకల చివర పెరిగే భాగం ఇంకా గట్టిపడదు; పదేపదే వేగంగా విసిరితే అక్కడే దెబ్బతింటుంది. నొప్పి ఉన్నంతకాలం బాబు చేత బంతి వేయించవద్దు, ఎముకల డాక్టరుకు చూపించండి. లిటిల్ లీగ్ నియమాల ప్రకారం 11, 12 ఏళ్ళవారు ఒక రోజులో 85 బంతులకు మించి వేయకూడదు. 66 గాని అంతకు మించి గాని వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి. 41 బంతులు వేసినవాడిని ఆ రోజు క్యాచర్‌గా కూడా నిలబెట్టరు, ఎందుకంటే క్యాచర్ కూడా ఆటంతా బంతి విసురుతూనే ఉండాలి. డాక్టరు అనుమతించాక బాబు మళ్ళీ మైదానానికి వెళ్ళేటప్పుడు, ప్రతి బంతినీ పుస్తకంలో గీత పెట్టి లెక్కించే పని ఎవరో ఒక తల్లికో తండ్రికో అప్పగించమని శిక్షకుడిని అడగండి. అందుకు ఆయన ఒప్పుకోకపోతే, ఈ ఏడాది బాబును ఫస్ట్ బేస్ దగ్గర మాత్రమే ఆడనివ్వండి.