టావెర్న్‌లో బీఫ్ తినని వాళ్లకు ఏముంది?

ప్రశ్న: మా అబ్బాయి బ్రస్సెల్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. పాతకాలపు టావెర్న్‌లో, అంటే బీరుతోపాటు భోజనం పెట్టే చోట, భోజనం పెట్టిస్తానంటున్నాడు. మావారు బీరు తాగుతారు, బీఫ్ మాత్రం తినరు. నేను చేపలు, రొయ్యలు తప్ప మాంసం ముట్టను. అక్కడ మాకేం దొరుకుతుంది?

జవాబు: నిక్షేపంగా వెళ్లండమ్మా. మెనూలో 'అమెరికాన్' అన్న మాట కనిపిస్తే మాత్రం జాగ్రత్త. మొదటిసారి వెళ్లినప్పుడు అదేదో బర్గర్ అనుకుని ఆర్డర్ ఇచ్చాను. ఎర్రటి ముద్ద వచ్చింది. పచ్చి బీఫ్ కైమాలో మయోనీజ్, ఉల్లిపాయ కలిపి తెచ్చారు! పక్కనున్న ఫ్రైస్‌తో కడుపు నింపుకుని లేచాను. ఆ ఫ్రైస్‌ని కూడా పాత పద్ధతిలో బీఫ్ కొవ్వులోనే రెండుసార్లు వేయిస్తారని ఆ తర్వాత తెలిసింది. అందుకే నూనెలో వేయించారా, కొవ్వులోనా అని ముందే అడగమని మీ అబ్బాయికి చెప్పండి. 'స్టోఫ్‌వ్లేస్' అన్నా 'కార్బొనాడ్' అన్నా ముదురు రంగు బీరులో గంటల తరబడి ఉడికించిన బీఫే. వాసనకి నోరూరుతుంది, మోసపోకండి.

మీవారికి కోడితో చేసిన వాటర్‌జోయి అనే పులుసు చెప్పండి. అది గెంట్ ఊరి వంట. కూరగాయలు, క్రీమ్, గుడ్డు సొనతో చిక్కగా ఉంటుంది. కారం మాత్రం ఆశించకండి. మీకు ఉత్తర సముద్రపు బూడిదరంగు చిన్న రొయ్యల క్రోకెట్లు, అంటే బ్రెడ్ పొడి అద్ది వేయించిన ముద్దలు ఉన్నాయి. పైన కరకర, లోపల వెన్నలా ఉంటాయి, నిమ్మకాయ పిండుకుని తినాలి. ఆల్చిప్పలు తింటారా? ఒక్కొక్కరికి కుండెడు పెడతారు. ఒక ఖాళీ చిప్పని పట్టకారులా పట్టుకుని మిగతావి లాక్కుని తినడం అక్కడి అలవాటు. ఫోర్కు కన్నా అదే సులువు.

ఇక బీరు. వెస్ట్‌మాల్ ట్రిపెల్‌లో ఆల్కహాల్ 9.5 శాతం. మామూలు బీరే కదా అని మూడు తాగితే మీవారిని అబ్బాయి మోసుకెళ్లాలి. గ్యోజ్ అనే బీరు సంగతి వేరు. ఈస్ట్ కలపకుండా, గాలిలో ఉన్న ఈస్ట్‌తోనే పులియబెట్టి, పీపాల్లో ఊరిన పాత, కొత్త లాంబిక్ బీర్లని కలిపి చేస్తారు. మొదటి గుక్కకి మొహం చిట్లుతుంది, అంత పులుపు. నాకు రెండో గ్లాసు నుంచే నచ్చింది. ఒక్కో బీరుకి ఒక్కో గ్లాసు ఉంటుంది, అది కూడా చూడండి.

మంచినీళ్లు అడిగితే చాలాచోట్ల సీసా తెస్తారు, అది బిల్లులో పడుతుంది. మధ్యాహ్నం 2 దాటాక చాలా వంటగదులు సాయంత్రం దాకా మూసేస్తారు. ఆ మధ్యలో వెళ్తే చీజ్ ముక్కలు, మస్టర్డ్‌తోనే సరిపెట్టుకోవాలి.